పిస్తోలుకు పెట్టిన బొట్టు

1997లో సైంటిఫిక్ ఆఫీసరుగా పదోన్నతి ఇచ్చి నన్ను ప్రాంతీయ ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఆయుధాల విభాగానికి వేశారు. విభాగం అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. రెండు గదులు, రెండు గుండ్ల మీది గీతలను పక్కపక్కన పెట్టి చూపే ఒక మైక్రోస్కోపు, గోడ పొడవునా దూది కుక్కిన ఒక పెట్టె. ఆ పెట్టెలోకి కాల్చిన గుండు దూదిని చుట్టుకుంటూ పోయి, దెబ్బ తినకుండా మెల్లగా ఆగిపోతుంది. తర్వాత పొరలు పొరలుగా దూది విప్పి దాన్ని వెతకాలి. మధ్యాహ్నం పూట కిటికీలోంచి ఎండ పడుతుంటే మోచేతుల దాకా దూదిలో పెట్టి వెతకడం నాకు ఇష్టంగా ఉండేది. పరుపులు కుట్టేవాళ్ల ఉద్యోగం నీది అని సహోద్యోగులు ఆటపట్టించేవారు. ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు కునుకు పడుతుండగా వేళ్లకు ఆ దూది తగులుతుంది.

ఆ ఏడు దసరా వెళ్లాక పుంగనూరు దగ్గరి సదుం మండలం నుంచి ఒక పార్సెలు వచ్చింది. తెల్లగుడ్డలో కుట్టి, కుట్టు మీద లక్క ముద్రలు వేసిన పార్సెలు. తెచ్చిన కానిస్టేబులు దగ్గర నమూనా ముద్ర తీసుకుని, లక్క మీది ముద్రతో పోల్చి చూసి, రెండూ ఒకటేనని రాసుకున్నాకే కుట్టు విప్పాలి. లోపల అరచేతిలో పట్టేంత విదేశీ పిస్తోలు, ఖాళీ మ్యాగజైను, పేలిన తూటాల గొట్టాలు మూడు ఉన్నాయి. దర్యాప్తు చేస్తున్న సబ్ ఇన్‌స్పెక్టరు జరిగిందేమిటో జతగా రాసి పంపాడు.

రెడ్డెప్ప అనే ఆయన ఆ మండలంలో ఒక పల్లె రైతు. మామిడితోట ఉంది, బోరు కింద కొంత సేద్యం ఉంది, తండ్రి నుంచి లైసెన్సుతో సహా సంక్రమించిన ఈ పిస్తోలు ఉంది. ఏటా మహర్నవమి నాడు ఆయుధపూజ అయ్యాక వాకిట్లో నిలబడి ఆకాశంలోకి ఒక్కసారి కాల్చడం ఆ ఇంటి వాడుక. ఆ ఏడూ అలాగే చెయ్యెత్తి ట్రిగ్గరు నొక్కాడు. ఒకటి పేలాల్సిన చోట వెంటవెంటనే మూడు పేలాయి. మొదటి దెబ్బకే చెయ్యి వెనక్కి వాలిపోయింది. రెండో గుండు చూరు కింది రాతి దూలానికి తగిలి, పక్కకు మళ్లి, అక్కడ నిలబడి ఉన్న గంగులప్ప భుజంలో దిగింది. గంగులప్ప ఆ ఇంట్లో ఏళ్లుగా సేద్యం పనులు చేస్తున్న మనిషి. ప్రాణానికి ముప్పు తప్పింది గానీ భుజం ఎముక దెబ్బతింది.

అజాగ్రత్తగా గాయపరచడం, లైసెన్సు షరతులు మీరి పండగకు కాల్చడం అనేవి ఎలాగూ నేరాలే. వాటి గురించి ఎస్సై నన్నేమీ అడగలేదు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: ఈ పిస్తోలు ఆటోమేటిక్ ఆయుధమా, కాదా?

చదివేవారికి ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. పిస్తోలులో తూటాలు పిడి లోపలి మ్యాగజైనులో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒకటి పేలగానే ఆ ఊపుకు పైభాగం వెనక్కి జరిగి ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరేస్తుంది, ముందుకొస్తూ తర్వాతి తూటాను ఎక్కిస్తుంది. ఈ పైభాగాన్ని స్లైడు అంటాం. ఎక్కించడం దానంతట అదే చేసుకుంటుంది, పేలడం మాత్రం మనం వేలు వదిలి మళ్లీ నొక్కితేనే. అందుకే దానికి సెమీ ఆటోమేటిక్ అని పేరు. వీటిలో మళ్లీ రకాలున్నాయి. కొన్నింటికి సుత్తి వెనక భాగంలో బయటికే కనిపిస్తుంది, కొన్నింటికి లోపల దాగి ఉంటుంది. కొన్ని పిడిని గట్టిగా అదిమి పట్టుకుంటే తప్ప పేలవు. చట్టానికి ఈ తేడాలతో పని లేదు. అది చూసేవి ముఖ్యంగా రెండు. ఒకటి బోరు, అంటే గుండు వెళ్లే గొట్టం లోపలి వెడల్పు. ముప్పైరెండు బోరు పిస్తోలుకు పౌరులకు లైసెన్సు ఇస్తారు, సైన్యమూ పోలీసులూ వాడే తొమ్మిది మిల్లీమీటర్లది మామూలుగా ఇవ్వరు. రెడ్డెప్పది ముప్పైరెండే. రెండోది, నొక్కిన వేలు తీసేదాకా వరసగా పేలే గుణం. అలా పేలేటట్టు తయారుచేసిన ఆయుధమైనా, అలా పేలేటట్టు మార్చిన ఆయుధమైనా నిషిద్ధమే. అది ఇంట్లో ఉన్నందుకే ఏళ్ల తరబడి జైలు. రెడ్డెప్పకు అప్పటికే అరవై దాటాయి. నేను అవును అని రాస్తే ఆయన మిగిలిన ఆయుష్షులో మంచి భాగం లోపలే గడుస్తుంది.

అనుమానం ఉన్న పిస్తోలులో ఎప్పుడూ రెండు తూటాలకు మించి వేయం. మొదటిసారి ఒక నొక్కుకు ఒకటే పేలింది. రెండోసారీ అంతే. ఎస్సై తొందరపడ్డాడులే అనుకుంటూ మూడోసారి నొక్కాను. కొత్తగుడ్డ చించినట్టు రెండూ ఒకేసారి పోయాయి. ఆ తర్వాత కూడా కొన్నిసార్లు సవ్యంగా, కొన్నిసార్లు జంటగా పేలుతూ వచ్చింది. అప్పటికే కొన్ని ఆయుధాలు పరీక్షించాను గానీ, నా చేతిలో ఉన్న వస్తువు ఏం చేయబోతోందో నాకే తెలియకపోవడం అదే మొదలు.

ప్రతి గుండు తర్వాత ట్రిగ్గరుకూ సుత్తికీ మధ్య లంకెను విడదీసే చిన్న ఉక్కు ముక్క ఒకటి పిస్తోలు లోపల ఉంటుంది. అది పని చేయకపోతే ఇలా జరగవచ్చు. దాన్ని చూద్దామని స్లైడు తీశాను. ఎరుపూ పసుపూ కలిసిన గట్టి పదార్థం లోపలి సందులన్నిట్లో పేరుకుని ఉంది. మొదట తుప్పు అనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే పూజగది వాసన వచ్చింది. తుపాకీ నూనె, పేలిన మందు, వాటి అడుగున గంధం. ఆ గదిలో ఆ వాసన ఎవరికీ రాకూడదు.

సూదిమొన మీద పట్టేంత గీరి రసాయన విభాగానికి పంపాను. అక్కడి ఆఫీసరు పచ్చగా ఉన్న చోట సున్నపునీటి చుక్క వేసింది. ఎర్రబడింది. పారాణి కలిపిన ఏ ఇంట్లోనైనా తెలిసిన సంగతే. పసుపు, కుంకుమ, గంధం, ఆముదం అని ఆమె చెప్పింది. తుపాకీని నైవేద్యానికి పెట్టారా ఏమిటి అని నవ్వింది కూడా.

నాకు నవ్వు రాలేదు. పదార్థం అడ్డుపడి ముక్క కదలడం లేదా, లేక ముక్కనే ఎవరైనా ఆకురాయి పట్టి మార్చారా అన్నది తేలాలంటే ఆ మడ్డి అంతా కడిగి చూడాలి. కడిగేస్తే పిస్తోలు బాగుపడిపోవచ్చు. బాగుపడితే అది ఇదివరకు జంటగా పేలిందనడానికి నా మాట తప్ప మరే ఆధారమూ మిగలదు. కడగకపోతే రెడ్డెప్ప నిర్దోషి అని చెప్పడానికి ఆధారం లేదు. ఒక పక్షానికి సాక్ష్యం చూపించాలంటే రెండో పక్షం సాక్ష్యం చెరిపేయాలి. మా మాన్యువల్లో ఇలాంటి దానికి సూచన ఏమీ లేదు. ఫొటోలు తీయించి, పిస్తోలును మళ్లీ సీలు చేసి, ఘటనాస్థలం చూడాలని పై అధికారి అనుమతి అడిగాను.

పుంగనూరు దాటి సదుం దారి పట్టేసరికి పొద్దున్నే మంచు కమ్ముకుని ఉంది. జీపు ముందు రోడ్డు నాలుగు బారలే కనిపించేది. పొట్టి ఆవులు మంచులోంచి మెల్లగా వచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ మంచులోకి పోయేవి. నాది ఆ పక్కనే మదనపల్లెను ఆనుకుని ఉన్న కురబలకోట. మా అమ్మానాన్నలు రెడ్డెప్పలాంటి వాళ్ల పొలాల్లో కూలిపని చేసి నన్ను చదివించారు. చిన్నప్పుడు ఇలాంటి మంచులోనే అమ్మ వెనక వేరుశనగ పీకడానికి వెళ్లేదాన్ని. సగం నిద్రలో నడుస్తూ, ఎదురుగా కనబడే అమ్మ మడమల్నే చూసుకుంటూ. జీపులో కూర్చుని అదంతా నిన్నటిలా తోచింది. నన్ను పంపితే పెద్దరైతును వదలదని కొందరు, పెద్దరైతును చూసి బెదిరిపోతుందని కొందరు అప్పటికే అనుకుంటున్నారని జీపు డ్రైవరు చెప్పాడు. నాకు రెండు రకాలవాళ్ల మీదా కోపం వచ్చింది.

రెడ్డెప్ప బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. అడిగినవాటికి జవాబు చెప్పి అరుగు చివర కూర్చున్నాడు. దూలం మీద గుండు తగిలిన గుర్తు, గంగులప్ప నిలబడిన చోటు కొలుచుకున్నాను. రెడ్డెప్ప భార్య లచ్చుమమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"కూసోమ్మా. మీదేవూరు?" అంది.

కురబలకోట అన్నాను. ఎవరింటివాళ్లని అడిగింది. కూలికి పోయేవాళ్లమండీ అన్నాను. ఒక్క క్షణం ఆగి, "అట్లనా. బాగా సదివించినారు" అంది. ఆ ఆగిన క్షణం నాకు అలవాటైనదే కనుక పట్టించుకోలేదు. ఆయుధపూజ ఎలా చేస్తారో చెప్పమన్నాను. ఆమె ముఖం విచ్చుకుంది. తన పని గురించి అడిగినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు మరి.

"అన్నిటికీ పెట్టినట్టే దీనికీ పెడతానమ్మా. కొడవలికి, మోటారుకు, ఆయప్ప స్కూటరుకు. పెండ్లయిన కొత్తల్లో మా మామ నేర్పించినాడు, ఇట్ల ఎనక్కి లాగితే నోరు తెరుస్తాదని." ఎడమ చేతిని పిస్తోలులా పట్టి, కుడిచేత్తో స్లైడు లాగినట్టు చూపించింది. "మొదట్లో పైనే పెట్టేదాన్ని. ఆయప్పకు చేతికి అంటితే గిట్టదు, పూజ కాంగానే గుడ్డతో తుడిసేస్తాడు. బొట్టు తుడిసేది మంచిది కాదు గదా. అందుకని లోపల పెడతా వచ్చినాను. లోపలుండేది ఎవురూ తుడవరు."

"ఉత్త కుంకుమేనా?" అన్నాను.

"ఉత్తదైతే రాలిపోదా? పసుపు, గంధం, కుంకం ఆముదంలో మెదుపుతాను. ఏడాదంతా అట్లే నిలిసుంటాది."

ఉంగరం వేలు ముంచినట్టు చేసి, అరచేతి మధ్యలో మెత్తగా అద్ది చూపించింది. ఏటికేడు పెట్టిన బొట్లు ఒకదాని మీద ఒకటి చేరి, ఆముదం జిగురై, జిగురు గట్టిపడి, లోపలి ముక్క చుట్టూ గూడు కట్టుకున్నాయని నాకు అప్పుడే కళ్లకు కట్టింది. మా అమ్మ కూడా నవమికి కొడవళ్లకు బొట్టు పెట్టేది. కొడవలికి లోపల అంటూ ఉండదు కాబట్టి మాకే ఇబ్బందీ రాలేదు. ఆమెకు అది చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ కోర్టులో చెప్పకముందు మా అభిప్రాయం ఎవరికీ చెప్పకూడదు. మొగుణ్ణి కాపాడే సాక్ష్యమో, ముంచే సాక్ష్యమో తెలియకుండానే ఆమె సాక్ష్యం చెప్పేసింది. నేను తల వంచుకుని రాసుకున్నాను.

గంగులప్పను వాళ్లింట్లో చూశాను. చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. నేనెవరో అప్పటికే తెలుసుకున్నాడు.

"నా బుజం ఇంగ మూట మొయ్యదమ్మా. దానికి ఆయప్ప జవాబు సెప్పాల్సిందే, నేను వదల్ను" అన్నాడు. "అయితే తుపాకీని మార్పించినాడంటే మాత్రం ఒప్పుకోను. టార్చిలైటులో బ్యాటరీలు యాడేసేదీ తెలీదు ఆయప్పకు. నేనే ఏస్తాండాను."

అభిప్రాయాలు సాక్ష్యం కావు. కానీ ఆ మాట నాకు ధైర్యం ఇచ్చిందని ఒప్పుకోవాలి.

ఇక పోల్చి చూడటానికి అదే రకం పిస్తోలు మరొకటి కావాలి. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, దాని నక్షాలు మా దగ్గర లేవు. రెడ్డెప్ప తండ్రి ఆ రోజుల్లో ఒకే దుకాణంలో రెండు పిస్తోళ్లు కొని, ఒకటి కుప్పంలోని అల్లుడికి ఇప్పించాడని తెలిసింది. ఎన్నికలు ప్రకటిస్తే లైసెన్సున్న ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. అలా ఆ రెండో పిస్తోలు అప్పటికి కుప్పం స్టేషన్లోనే ఉంది. కోర్టు అనుమతి తీసుకుని వెళ్లాను.

కుప్పంలో రైలు దిగితే ఏ భాషలో పలకరిస్తారో ముందుగా తెలియదు. ఒకే మాటలో తెలుగు మొదలై అరవంలో ముగుస్తుంది. స్టేషను బయట గ్రానైటు దిమ్మెలు వరసగా పడి ఉన్నాయి, వాటి మీద ఎండ తెల్లగా నిద్రపోతోంది. పోలీసు స్టేషనులో రెడ్డెప్ప బావ నా కోసం కాచుకుని ఉన్నాడు. పిస్తోలు విప్పితే లోపల అద్దంలా ఉంది. మీ ఇంట్లో దీనికి పూజ చేయరా అని అడిగాను.

"చేస్తాం మేడమ్, యాల చెయ్యం? పూలు మాత్రమే. పసుపు తగిల్తే తుప్పు పడతాదని మా నాయన దగ్గరికి రానిచ్చేవాడు కాదు."

అదే ఇనుము, అదే దుకాణం. ఒక ఇంట్లో తుప్పు భయం, ఒక ఇంట్లో బొట్టు చెరుగుతుందన్న భయం. భూతద్దం పెట్టి లంకె విడదీసే ముక్కను చూశాను. రెడ్డెప్ప పిస్తోలులో మడ్డి లోంచి కనిపించిన ముక్క ఆకారం వేరు, దీని ఆకారం వేరు. దీనికి ఉన్న ఒక మూల దానికి లేదు. ఎవరో తీసేసినట్టే ఉంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని కునుకు తీశాను. కలలో లచ్చుమమ్మ అరచేతిలో బొట్టు పెడుతూనే ఉంది, కింద ఇనుప మూల అరిగిపోతూనే ఉంది. మెలకువ వచ్చాక నా గురించి అలా అనుకున్నవాళ్ల మీద కోపం లేదు, భయం మాత్రం ఉంది. ఆమె చెప్పింది నిజమే కావచ్చు, ఆయన మార్పించిందీ నిజమే కావచ్చు. నాకు ఆ ఇంటి మీద జాలి కలిగిందనీ, జాలితో ఫలితం రాయకూడదనీ ఆ రైల్లోనే నాకు నేను చెప్పుకున్నాను. కడిగి చూడటం తప్ప దారి లేదు. కడిగేది ఇరుపక్షాల ముందు కడగాలి.

కోర్టు ఒప్పుకుంది. ముందు జంటగా పేలడం అందరికీ చూపించాలి, తర్వాత కడగాలి, గీరిన మడ్డిని సీసాలో పెట్టి సీలు చేయాలి, చివరికి మళ్లీ కాల్చి చూపించాలి. మదనపల్లె శివార్లలో పోలీసులు తుపాకీ సాధన చేసే మైదానంలో ఏర్పాటు చేశారు. ప్రభుత్వ న్యాయవాది, రెడ్డెప్ప వకీలు, ఎస్సై, కోర్టు పంపిన ఉద్యోగి, నేను. హార్సిలీ కొండ మంచులో ఉందో లేదో తెలియనట్టుంది. ఎక్కడో పట్టుదారం తీసే మిషను గుయ్యిమంటూ తిరుగుతోంది. అంత నెమ్మదైన పొద్దున తుపాకీ పేల్చడం నాకే ఎబ్బెట్టుగా తోచింది.

కాసేపటికి పిస్తోలు మాట నిలబెట్టుకుంది. ఒక్క నొక్కుకు రెండు పేలాయి. కోర్టు ఉద్యోగి ఒక చేత్తో చెవి మూసుకుని మరీ రాసుకున్నాడు. అప్పుడు బల్ల మీద స్టీలు పళ్లెం పెట్టి, పిస్తోలు విప్పి, కిరసనాయిలులో కుంచె ముంచి కడగడం మొదలుపెట్టాను. తుపాకీ కడుగుతుంటే నల్లగా దిగుతుంది ఎప్పుడూ. ఈసారి ఎర్రగా, తర్వాత పసుపుగా దిగింది. వకీళ్లిద్దరూ తలలు దగ్గరికి పెట్టి పళ్లెంలోకి చూస్తున్నారు. పెళ్లిళ్లలో వసంతం ఆడిన నీళ్లు అలాగే ఉంటాయి.

చివరికి ముక్క బయటపడింది. ఉక్కు తుప్పు పట్టకుండా తయారీలోనే ఒక నల్లని నీలి పూత వేస్తారు. ఆకురాయి పడితే ఆ పూత పోయి తెల్లని లోహం కనిపిస్తుంది. ఈ ముక్కకు ఆ మూల లేని చోట కూడా అదే పాత పూత చెక్కు చెదరకుండా ఉంది. పూత కింద యంత్రం కోసిన సన్నగీతలున్నాయి. అంటే ఆ మూలను ఎవరూ తీయలేదు, అసలు అది అలాగే పుట్టింది. ఒకే కంపెనీ ఒకే పేరుతో ముందొక ఆకారంలో, తర్వాత ఇంకొక ఆకారంలో ముక్కలు తయారుచేయడం మామూలే. రెండు పిస్తోళ్లూ ఒకే దుకాణంలో కొన్నా, ఒకటి ముందు తయారీ, ఒకటి తర్వాతి తయారీ. నేను భూతద్దాన్ని ఎస్సైకి ఇచ్చాను. మొదటినుంచీ మార్పించిన పిస్తోలే అని నమ్మినవాడు ఆయన. చాలాసేపు చూశాడు. "ఇది ఆకురాయి పట్టింది కాదు మేడమ్" అని తనే ప్రభుత్వ న్యాయవాదికి చెప్పాడు. అది చెప్పడం ఆయనకు అంత తేలిక కాదు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

పిస్తోలు ఆరబెట్టి మళ్లీ బిగించి, రెండేసి తూటాలతో ఎన్నిసార్లు కాల్చినా ఒక నొక్కుకు ఒకటే పేలింది.

విచారణ మొదలై, మదనపల్లె కోర్టులో నా సాక్ష్యం వచ్చేసరికి చాలా నెలలు పట్టింది. రెడ్డెప్ప బోనులో నిలబడ్డాడు. లచ్చుమమ్మ వెనక బల్ల మీద కూర్చుని ఉంది. ప్రభుత్వ న్యాయవాది గట్టి ప్రశ్నే వేశాడు. ఆకురాయితో మార్చినా, పసుపుతో మార్చినా మార్పు మార్పే కదా, పూజ చేశారు కాబట్టి చట్టం వదిలేయాలా అన్నాడు. కడిగితే పోయేదాన్ని నేను మార్పు అని రాయలేనని చెప్పాను. ఈ పిస్తోలును వరసగా పేలేటట్టు తయారుచేయలేదు, ఎవరూ అలా మార్చనూ లేదు, లోపల పేరుకున్న పూజాద్రవ్యాల వల్ల అది చెడిపోయింది అన్నాను. చెడిపోయిన ఆయుధం ప్రమాదకరం, కానీ చెడిపోవడం వేరు, మార్చడం వేరు.

జడ్జిగారు ఆ పూజాద్రవ్యాలు లోపలికి ఎలా వెళ్లాయో చెప్పమన్నారు. చెప్పాల్సి వచ్చింది. ఎవరు పెట్టారు, ఎందుకు లోపల పెట్టారు, ఆముదం ఎందుకు కలిపారు. చెబుతున్నంతసేపూ వెనక బల్ల వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఆమె కుడిచేతిని కొంగు కింద దాచుకుంది.

నిషిద్ధ ఆయుధం అభియోగం నిలబడలేదు. గంగులప్పకు గాయం చేసినందుకూ, షరతులు మీరి కాల్చినందుకూ రెడ్డెప్పకు శిక్ష పడింది, గంగులప్పకు పరిహారం ఇవ్వమన్నారు. లైసెన్సు రద్దయింది, పిస్తోలు ప్రభుత్వానికి పోయింది. నా దృష్టిలో సరైన తీర్పే.

నేను సాక్ష్యం చెప్పి వరండాలోకి వచ్చిన రోజే లచ్చుమమ్మ నా వెనకే వచ్చింది. తీర్పు ఇంకా దూరంలో ఉంది, కానీ ఆమెకు తీర్పు అప్పటికే అయిపోయినట్టుంది.

"నేను పెట్టిన బొట్టేనామ్మా?" అంది.

అవునన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మీరు పెట్టలేదంటే కోర్టు లోపల నేను చెప్పింది నిలబడదు కూడా.

"ఆయప్పకు ఏమీ కాగూడదనే గదమ్మా పెడతా వచ్చింది" అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు. కాసేపటికి, "మా ఇంట్లో స్కూటరుకు కూడా లోపల పెట్టినాను, సూసుకోవాల" అంది. నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది, వెంటనే ఏడ్చింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, అంటే 2000 సంవత్సరం దాటి చాలాకాలం వరకు, నాకు ఎన్నో పిస్తోళ్లు వచ్చాయి. వాటిలో నిజంగానే ఆకురాయి పట్టినవీ ఉన్నాయి, వాటికి అవుననే రాశాను. ఈ కేసు నేర్పింది ఇదీ: ఆయుధం ఏం చేసిందో కాల్చి చూస్తే తెలుస్తుంది, ఎందుకు చేసిందో తెలియాలంటే అది ఉన్న ఇంటికి వెళ్లాలి. ఇంటికి వెళ్లిన ప్రతిసారీ లైసెన్సుదారుణ్ణి అడగాల్సినవన్నీ అడిగాక, ఆ ఇంటి ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగేదాన్ని. నవమి నాడు దీనికి బొట్టు ఎక్కడ పెడతారమ్మా?